గ్రాండ్ టూర్ నుంచి టూరిస్టు టిక్కెట్టు దాకా: చూడదగినవేవో ఎవరు నిర్ణయించారు?

చాతుర్యానికి మూలాలు అయిదని ఒక పాత సంస్కృత శ్లోకం చెబుతుంది: దేశాటనం, పండితులతో మైత్రి, వారాంగనల పరిచయం, రాజసభా ప్రవేశం, అనేక శాస్త్రాల పరిశీలన. ఆ శ్లోకం కట్టినవారికి ఇంగ్లండు సంగతి తెలిసి ఉండదు గాని, 17, 18 శతాబ్దాలలో అక్కడి ప్రభువర్గం తన కుమారులను ఐరోపా ఖండం మీదికి పంపిన పద్ధతిని వర్ణించడానికి ఇంతకంటే కుదురైన సూత్రం మరొకటి దొరకదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి ఒక ఉపాధ్యాయుడిని, ఒకరిద్దరు నౌకర్లను తోడిచ్చి ఫ్రాన్సుకూ, అక్కడి నుంచి ఇటలీకీ రెండు మూడేళ్ల పాటు పంపేవారు. పండితుల ఇళ్లకూ రాజుల కొలువులకూ రాయించుకున్న పరిచయ లేఖలు అతని పెట్టెలో ఉండేవి. శ్లోకంలోని మూడో అంశం తల్లిదండ్రుల ప్రణాళికలో లేకపోయినా, చాలామంది యువకుల విషయంలో అదీ నెరవేరిందని వారు రాసుకున్న దినచర్య పుస్తకాలే సాక్ష్యం చెబుతాయి.

ఈ యాత్రకు గ్రాండ్ టూర్ అని పేరు. పర్యాటకం ఎలా పుట్టిందని అడిగితే సాధారణంగా వినిపించే కథ ఇక్కడే మొదలవుతుంది. ఒకప్పుడు దొరబిడ్డలే ఈ యాత్ర చేసేవారు, తరువాత రైలు వచ్చింది, జనాన్ని బృందాలుగా యాత్రలకు తీసుకుపోయిన థామస్ కుక్ వచ్చాడు, దొరల భోగం సామాన్యుడి చేతికందింది అని ఆ కథ సాగుతుంది. అందులో అబద్ధమేమీ లేదు గాని, వేరువేరు చోట్ల పుట్టిన మూడు నాలుగు ధారలను అది ఒకే కాలువగా చూపిస్తుంది. థామస్ కుక్ గ్రాండ్ టూర్‌కు వారసుడిగా బయలుదేరలేదు. అతని ప్రయాణం తాగుడు మాన్పించే ఉద్యమం నుంచి మొదలైంది. మరోవైపు, చదువు కోసం ఉద్దేశించినదని చెప్పుకున్న గ్రాండ్ టూర్‌లో చదువు పాలు ఎంత అన్నది ఆ కాలంలోనే పెద్ద వివాదం. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అసలు విషయం బోధపడదు.

మొదట ఈ యాత్ర ఎందుకు అవసరమైందో చూద్దాం. 16వ శతాబ్దంలో ఇంగ్లండు ఐరోపా అంచున ఉన్న చిన్న రాజ్యం. రాయబార పనులకు ఫ్రెంచి, ఇటాలియన్ భాషలు తెలిసినవారు, పరదేశపు కోటలనూ రేవులనూ కొలువుల రహస్యాలనూ కంటితో చూసి వచ్చినవారు కావలసి వచ్చారు. దేశం దాటాలంటే రాణి అనుమతి పత్రం ఉండాలి. తరువాత కవిగా పేరు పొందిన ఫిలిప్ సిడ్నీకి 1572లో, పదిహేడేళ్ల వయసులో, పరభాషలు నేర్చుకోవడానికని రెండేళ్లకు అటువంటి పత్రం దొరికింది. అతను పారిస్ చేరిన కొద్ది నెలలకే, ఆ ఆగస్టులో, ప్రొటెస్టెంట్ల ఊచకోత జరిగింది. దాన్ని కళ్లారా చూసిన సిడ్నీ జర్మనీ, ఇటలీ, వియన్నా తిరిగి 1575లో గాని ఇల్లు చేరలేదు. ప్రయాణం అప్పట్లో రాజ్యకార్యానికి శిక్షణ, అందులో ప్రాణభయం కూడా ఉంది. ఇటలీ గాలి సోకిన ఆంగ్లేయుడు మతాన్నీ నీతినీ పోగొట్టుకుని వస్తాడని రోజర్ ఆస్కమ్ అనే పండితుడు 1570లో అచ్చయిన తన గ్రంథంలో ఘాటుగా హెచ్చరించాడు. ప్రయాణం చిన్నవారికి విద్యలో భాగం, పెద్దవారికి అనుభవంలో భాగం అంటూ తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1625 నాటికి దానికి ఒక క్రమం చెప్పాడు: దినచర్య రాయాలి, ఒకే ఊళ్లో ఎక్కువ రోజులు ఉండకూడదు, స్వదేశీయులతో కాక ఆ దేశపు మంచివారితో భోజనం చెయ్యాలి. గ్రాండ్ టూర్ అనే పేరు ఇంగ్లీషు ముద్రణకు ఎక్కింది 1670లో. ఇటలీకి అయిదుసార్లు వెళ్లివచ్చి, దొరబిడ్డలకు ఉపాధ్యాయుడిగా పనిచేసిన రిచర్డ్ లాసెల్స్ అనే కథోలిక గురువు రాసిన యాత్రా గ్రంథం ఆయన చనిపోయాక ఆ ఏడాది పారిస్‌లో వెలువడింది.

18వ శతాబ్దానికి వచ్చేసరికి ప్రయోజనం మెల్లగా మారిపోయింది. రాయబారులను తయారుచేయడం వెనకబడి, అభిరుచి గల పెద్దమనిషిని తయారుచేయడం ముందుకు వచ్చింది. బడిలో ఏళ్ల తరబడి లాటిన్ వల్లించిన కుర్రవాడికి ఆ పద్యాలు పుట్టిన నేలను చూపించాలి. ఏ విగ్రహం గొప్పదో, ఏ భవనం నిష్పత్తి సరైనదో చెప్పగలగడం అతని తరగతికి గుర్తు కావాలి. ఫ్రాన్సులోని అకాడమీలలో గుర్రపు స్వారీ, కత్తిసాము, నాట్యం నేర్పేవారు. తరువాతి కాలంలో భూములనూ పార్లమెంటు స్థానాన్నీ వారసత్వంగా పొందబోయే పిల్లలంతా ఒకే దారిన పోయి, ఒకే విగ్రహాలను మెచ్చుకుని, ఒకే చిత్రకారుడి దగ్గర బొమ్మ గీయించుకుని వచ్చేవారు. ఒక తరగతిని ఒకే అచ్చులో పోయడానికి ఇంత ఖర్చుతో కూడిన పాఠశాల చరిత్రలో అరుదు.

ఆ పాఠశాలలో ఉపాధ్యాయుడి స్థానం విచిత్రమైనది. ఇంగ్లీషువారు అతన్ని పరిహాసంగా ఎలుగుబంటిని నడిపించేవాడు అని పిలిచేవారు. యజమాని కొడుకును అదుపులో పెట్టవలసిన బాధ్యత అతనిది, ఆ కొడుకు రేపు తనకు యజమాని అవుతాడన్న భయమూ అతనిదే. తత్త్వవేత్త థామస్ హాబ్స్ యౌవనంలో కావెండిష్ కుటుంబం తరఫున ఈ పని చేశాడు. అయితే అందరికంటే వివరంగా చెప్పుకోవలసింది ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ సంగతి.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పేరు తెచ్చుకున్న స్మిత్‌ను, బక్లూ డ్యూకు అనే యువకుడికి తోడుగా వెళ్లమని ఆ యువకుడి సవతి తండ్రి చార్లెస్ టౌన్షెండ్ అడిగాడు. అమెరికా వలసల మీద సుంకాలు వేసి తరువాత ప్రసిద్ధికెక్కిన టౌన్షెండ్ ఇతనే. ఏడాదికి 300 పౌన్ల జీతం, ప్రయాణ ఖర్చులు, పని ముగిశాక జీవితాంతం ఏడాదికి 300 పౌన్ల పింఛను. ఆచార్య పదవి వదులుకుని స్మిత్ 1764లో బయలుదేరాడు. తులూజ్ నగరంలో వారికి తెలిసినవారు తక్కువ, స్మిత్ ఫ్రెంచి మాట్లాడటం అంతంతమాత్రం. పొద్దుపోక ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టానని అతను ఆ వేసవిలో మిత్రుడు డేవిడ్ హ్యూమ్‌కు ఉత్తరం రాశాడు. తరువాత జెనీవా దగ్గర వోల్టేర్‌ను కలిశాడు, పారిస్‌లో కెనే వంటి ఆర్థికవేత్తలతో చర్చలు జరిపాడు. 1766 అక్టోబరులో డ్యూకు తమ్ముడు పారిస్‌లో జబ్బుచేసి చనిపోవడంతో యాత్ర అర్ధంతరంగా ముగిసింది.

ఆ పదేళ్ల తరువాత, 1776లో వెలువడిన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ అనే మహాగ్రంథంలో స్మిత్ ఈ ఆచారం గురించి రాసిన మాటలు చదివితే, పింఛను తీసుకుంటున్న మనిషి ఇంత నిర్మొహమాటంగా రాయగలిగాడా అనిపిస్తుంది. పదిహేడు పద్దెనిమిదేళ్లకు వెళ్లి ఇరవై ఒకటికి తిరిగివచ్చే యువకుడు నేర్చుకున్నదల్లా సరిగా మాట్లాడనూ రాయనూ చాలని పరభాషా జ్ఞానం. మిగతా విషయాలలో అతను మరింత అహంకారిగా, మరింత కట్టుతప్పినవాడిగా తిరిగివస్తాడు అన్నాడు. ఇంత అసంగతమైన ఆచారానికి గౌరవం దక్కడానికి కారణం విశ్వవిద్యాలయాలు దిగజారిపోవడమేనని, ఆక్స్‌ఫర్డ్‌లో ఎక్కువమంది ఆచార్యులు పాఠం చెబుతున్నట్టు నటించడం కూడా మానేశారని తేల్చాడు. ఆక్స్‌ఫర్డ్‌లో స్వయంగా ఆరేళ్లు గడిపినవాడి తీర్పు ఇది. నా ఉద్దేశంలో ఈ విమర్శలో సగమే న్యాయం ఉంది. శిష్యుడైన డ్యూకు తరువాత బాధ్యత గల భూస్వామిగానే బతికాడు, గురుశిష్యుల స్నేహం చివరిదాకా నిలిచింది. పైగా ఆ యాత్ర వల్ల అందరికంటే ఎక్కువ నేర్చుకున్నవాడు ఉపాధ్యాయుడే. గ్రాండ్ టూర్ ఇచ్చిన చదువు చాలాసార్లు ఇలా అనుకోనివారికి అందింది.

ప్రయాణం జరిగే తీరు కూడా తెలుసుకోదగినది. ఇంగ్లండులోని డోవర్ నుంచి ఫ్రాన్సులోని కలే రేవుకు తెరచాప ఓడ. గాలి వాలు కుదరకపోతే రేవులో రోజుల తరబడి నిరీక్షణ. పారిస్, లియోన్ దాటాక ఆల్ప్స్ పర్వతాలు అడ్డం. మోన్ సెనీ కనుమ మీద బండి నడవదు కనుక కొండ కింద దాన్ని విడదీసి ముక్కలను కంచరగాడిదల మీద కట్టేవారు. ప్రయాణికులను కుర్చీలలో కూర్చోబెట్టి, మన బోయీలు మేనా మోసినట్టు అక్కడి కొండవాళ్లు భుజాల మీద మోసి అవతలి వైపు దింపేవారు. 1739 నవంబరులో రచయిత హొరేస్ వాల్పోల్, కవి థామస్ గ్రేతో కలిసి ఈ దారిన పోతుండగా, పట్టపగలు అడవిలోంచి వచ్చిన తోడేలు అతని చిన్న కుక్కను కళ్లముందే ఎత్తుకుపోయింది. తరువాత టురిన్, ఫ్లారెన్స్, రోమ్, నేపుల్స్, ఉత్సవాల కాలానికి వెనిస్, తిరుగుదారిలో వియన్నా, జర్మన్ నగరాలు, హాలండు. తొందర లేదు, నార్ఫోక్ ప్రాంతపు వారసుడు థామస్ కోక్ 1712లో బయలుదేరి ఆరేళ్లకు తిరిగివచ్చాడు.

ఇన్నేళ్ల ఖర్చుకు బంగారు నాణేలు మోసుకుపోలేరు కనుక మన షావుకార్లు హుండీలు రాసినట్టే లండన్ షావుకార్లు పరదేశపు షావుకార్ల పేర పత్రాలు రాసిచ్చేవారు. ఏ ఊళ్లో ఎంత కావాలో ముందే తెలియాలన్నది దానిలో చిక్కు. 1772లో రాబర్ట్ హెరీస్ అనే లండన్ బ్యాంకరు, ఐరోపాలోని అనేక నగరాలలో ఎక్కడైనా చెల్లే నోట్లను నిర్ణీత మొత్తాలకు అచ్చువేసి అమ్మడం మొదలుపెట్టాడు. తరువాతి కాలపు ట్రావెలర్స్ చెక్కులకు ఇవే పూర్వరూపం. సామాన్యుడు విదేశం మొహం చూడకముందే, వందేళ్ల ముందు, అతను రేపు వాడబోయే పరికరం దొరల కోసం తయారైపోయిందన్నమాట.

రోమ్ నగరంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనబడుతుంది. స్పెయిన్ చౌరస్తా చుట్టుపక్కల వీధులలో ఇంగ్లీషువారి బసలు, వారి కాఫీ దుకాణం ఒకచోట గుమిగూడాయి. శిథిలాలను వరసగా తిప్పి చూపి పాఠం చెప్పే వృత్తి ఏర్పడింది. 1764లో చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్‌ను అలా తిప్పిన స్కాట్లండువాడు జేమ్స్ బయర్స్ ఆ పనితోపాటు పురాతన వస్తువుల వ్యాపారమూ చేసేవాడు. ఆ ఏడాది అక్టోబరు 15న, పాదరక్షలు లేని సన్యాసులు సాయంకాల ప్రార్థన పాడుతుండగా కాపిటల్ కొండ మీది శిథిలాల మధ్య కూర్చుని, రోమ్ పతనం గురించి రాయాలన్న ఆలోచన తనకు తొలిసారి కలిగిందని గిబ్బన్ తరువాత చెప్పుకున్నాడు. పాంపియో బటోనీ అనే చిత్రకారుడు దాదాపు 200 మంది బ్రిటిష్ యాత్రికుల నిలువెత్తు, అర్ధాకృతి చిత్రాలు గీశాడు. వెనక కొలోసియం, పక్కన విగ్రహం, కాళ్ల దగ్గర కుక్క ఉండే ఆ భంగిమలు చాలా చిత్రాలలో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వెనిస్‌లో కనలెట్టో కాలువల దృశ్యాలనూ, రోమ్‌లో పిరనేసి శిథిలాల రేఖాచిత్రాలనూ ఇంటికి తీసుకుపోవడానికి వీలుగా తయారుచేసేవారు. విరిగిన పాత విగ్రహాలకు కొత్త ముక్కులు, చేతులు అతికించి బాగుచేసే కార్ఖానాలు వెలిశాయి. హెర్క్యులేనియం తవ్వకాలు 1738లో, పాంపే తవ్వకాలు 1748లో మొదలవడంతో నేపుల్స్ కూడా తప్పక చూడవలసిన చోటయింది. గైడు, బస, జ్ఞాపిక, చూడవలసినవాటి జాబితా, చెల్లుబాటయ్యే నోటు: పర్యాటక వ్యాపారానికి కావలసిన అంగాలన్నీ ఇక్కడే అమరాయి. గిరాకీ మాత్రం ఇంకా కొద్దిమందిదే.

ఆ కొద్దిమంది డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నను ఈ కథ చెప్పేవారు తరచు వదిలేస్తారు, అది వదిలేయదగినది కాదు. ఎక్కువ భాగం ఇంగ్లండు, స్కాట్లండు కౌలురైతుల శిస్తు. 1780లో యాత్రకు బయలుదేరిన విలియం బెక్‌ఫర్డ్ ఆస్తి జమైకాలో బానిసలు పనిచేసిన చెరకు తోటలది. తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 1765 ఆగస్టులో మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర బెంగాల్ దివానీతోపాటు మన ఉత్తర సర్కారులకు కూడా ఫర్మానా రాయించుకున్నవాడు రాబర్ట్ క్లైవ్. ఇండియాలో కూడబెట్టిన సంపద గురించి పార్లమెంటులో విచారణ ఎదుర్కొన్న కొద్ది నెలలకే, 1773 చివరలో, అతను ఇటలీకి వెళ్లి చిత్రాలు కొన్నాడు. అప్పటికతను నడివయసు దాటుతున్నవాడు, చదువుకునే ఈడు ఎప్పుడో గడిచిపోయింది. అయినా పుట్టుకతో రాని హోదాను ఇటలీ యాత్ర, చిత్రాల సేకరణ సమకూరుస్తాయని అతనికి తెలుసు. అభిరుచిని వంశపారంపర్య గుణంగా చెప్పుకునే తరగతిలోకి దాన్ని కొనుక్కుని ప్రవేశించవచ్చన్నది అప్పటికే బయటపడింది, తరువాతి శతాబ్దంలో జరిగినదంతా ఈ రంధ్రం పెద్దది కావడమే.

స్త్రీలకు ఈ పాఠశాలలో అధికారికంగా చోటు లేదు. భర్తతోనో, జబ్బుపడిన బంధువుతోనో వెళ్లినవారే ఎక్కువ. అయితే యాత్ర రూపురేఖలను మార్చడంలో వారి పాత్ర పెద్దది. అందులో మరియానా స్టార్క్ పేరు ఇప్పుడు చాలామందికి తెలియదు గాని తెలియవలసినది. ఆమె 1790లలో రోగిగా ఉన్న బంధువుకు సేవ చేస్తూ ఇటలీలో ఏళ్ల తరబడి ఉంది. 1800లోనూ ఆ తరువాతా వెలువరించిన పుస్తకాలలో, గుర్రాల అద్దె ఎంత, చాకలికి ఏమివ్వాలి, ఏ మందులు వెంట తీసుకుపోవాలి, ఏ ఊళ్లో ఇల్లు చవక అన్న లెక్కలు ఇచ్చింది. పండితుల గ్రంథాలలో సాధారణంగా దొరకని సమాచారం అది. చూడదగిన చిత్రాల పక్కన వాటి గొప్పదనాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టింది. ఉపాధ్యాయుడిని జీతమిచ్చి పెట్టుకోలేని కుటుంబం ఆ గుర్తులను చూసి తనంత తానే తిరగగలిగింది. ఇప్పుడు హోటళ్లకూ దృశ్యాలకూ మనం వేస్తున్న చుక్కల లెక్కకు మూలాలు వెదికితే ఈమె దాకా వెళ్లవలసి ఉంటుంది.

1793లో ఫ్రాన్సుతో యుద్ధం మొదలవడంతో ఖండం దారులు దాదాపు మూతపడ్డాయి. 1802లో సంధి కుదరగానే వేలమంది ఇంగ్లీషువారు ఆత్రంగా పారిస్‌కు పరుగెత్తారు. 1803లో సంధి చెడినప్పుడు నెపోలియన్ వారిలో వయసులో ఉన్న మగవారిని నిర్బంధించాడు, వెర్దన్ పట్టణంలో కొందరు 1814 దాకా ఉండిపోయారు. ఇలా దారి మూసుకుపోయిన ఇరవై ఏళ్లలోనే రెండో ధార బలపడింది. విలియం గిల్పిన్ అనే మతగురువు వై నది లోయ మీద 1782లో ప్రచురించిన పుస్తకం, చిత్రంలాగా కనిపించే దృశ్యాన్ని ఎలా గుర్తుపట్టాలో నేర్పింది. దానితో వేల్స్, స్కాట్లండు కొండలు, ఉత్తర ఇంగ్లండులోని సరస్సుల ప్రాంతం యాత్రాస్థలాలయ్యాయి. ఈ యాత్రికులు ముదురురంగు పూసిన చిన్న కుంభాకార అద్దాన్ని వెంట తీసుకుపోయి, సరస్సుకు వీపు తిప్పి నిలబడి, ఆ అద్దంలో పడిన ప్రతిబింబాన్ని చిత్రంలా చూసి ఆనందించేవారు. లాటిన్ అక్కరలేదు, ఇటలీ అక్కరలేదు, విగ్రహాల పరిజ్ఞానం అక్కరలేదు. కళ్లూ కొన్ని రోజుల తీరికా ఉంటే చాలు. మధ్యతరగతి యాత్ర దొరలను అనుకరించడం వల్ల పుట్టిందనే మాట ఇక్కడ పూర్తిగా కుదరదు. దానికి సొంత సౌందర్యం, సొంత జాబితా ఉన్నాయి.

1815లో యుద్ధం ముగిసి దారులు తెరుచుకున్నాక ఈ రెండు ధారలూ కలిశాయి. 1820లలో డోవర్, కలే మధ్య ఆవిరి ఓడలు తిరగడం మొదలయింది. లండన్‌లో జాన్ మరే 1836లో, కోబ్లెంజ్ పట్టణంలో కార్ల్ బేడెకర్ దాదాపు అదే కాలంలో చేతిపుస్తకాలు మొదలుపెట్టారు. ఎర్ర అట్టల ఆ చిన్న పుస్తకాలు వెనకటి ఉపాధ్యాయుడి పనిని చేతికి తీసుకున్నాయి: ఏ దారిన పోవాలి, ఎక్కడ బస చెయ్యాలి, ఏది చూడాలి, చూసినప్పుడు ఏమనుకోవాలి. నాలుగు నెలల తీరికే ఉన్న న్యాయవాదికి, నాలుగు వారాల తీరికే ఉన్న వర్తకుడికి నాలుగేళ్ల జాబితాను కుదించి ఇచ్చినవి అవే. కుదించేటప్పుడు జాబితా మారలేదు, ఒక్కొక్క చోట గడిపే సమయం మాత్రం తరిగింది. ఈ సంగతికి నేను చాలా ప్రాముఖ్యం ఇస్తాను. నెలల తరబడి రోజూ చూడటానికి ఏర్పరచిన వరసను గంటల్లో చూడవలసి వచ్చినప్పుడు, చూడటం అనే పని స్వభావమే మారిపోతుంది.

ఇక మూడో ధార. థామస్ కుక్ 1808లో డెర్బీషైర్‌లోని మెల్బర్న్ గ్రామంలో పేద కుటుంబంలో పుట్టాడు. వడ్రంగం నేర్చుకున్నాడు, బాప్టిస్టు సంఘం తరఫున ఊరూరా కాలినడకన తిరిగి బోధించాడు. కార్మికుల బతుకులను సారా నాశనం చేస్తోందని నమ్మి మద్యనిషేధ ప్రచారానికి అంకితమయ్యాడు. 1841 జులై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరో పట్టణంలో జరిగే మద్యనిషేధ సభకు అతను ఒక ప్రత్యేక రైలు మాట్లాడాడు. దాదాపు 500 మంది, మనిషికి ఒక షిల్లింగు, రానూపోనూ. పైకప్పు లేని పెట్టెలలో బ్యాండు వాయించుకుంటూ వెళ్లి, తేనీరు, ఫలహారం తీసుకుని, ఆటలాడి, ఉపన్యాసాలు విని సాయంత్రానికి తిరిగివచ్చారు. సెలవు దొరికితే సారా దుకాణం తప్ప పోవడానికి మరో చోటు లేని మనిషికి రైలు మరో చోటు చూపిస్తుందన్నది కుక్ నమ్మకం. 1845లో లివర్‌పూల్‌కు, మరుసటేడాది స్కాట్లండుకు జనాన్ని తీసుకుపోయాడు. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు దాదాపు లక్షన్నర మందిని చేర్చాడు. మిల్లు కార్మికులు వారం వారం కొద్దిగా దాచుకుని టిక్కెట్టు కొనుక్కునే పొదుపు సంఘాలు దీని వెనక ఉన్నాయి. ఆ ప్రదర్శన చూసిన కార్మికుడికి యంత్రాలూ దూరదేశపు వస్తువులూ పాఠంలా ఉపయోగపడాలని అతను మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

ఇక్కడే నా వాదన అసలు చోటికి వస్తుంది. విద్య కోసం ప్రయాణం అన్న మాటను దొరబిడ్డల తండ్రులకంటే ఈ వడ్రంగి ఎక్కువగా నమ్మాడు. వాళ్లలో చాలామందికి యాత్ర ఒక తరగతి ముద్ర; కుక్‌కు అది మనిషిని బాగుచేసే సాధనం. కనుక గ్రాండ్ టూర్‌లో చదువు ఉండేది, పర్యాటకంలో అది పోయింది అని విలపించేవారితో నేను ఏకీభవించలేను. చదువు ఆదర్శం కిందికి దిగినకొద్దీ పలచబడలేదు, కొంతకాలం చిక్కబడింది కూడా.

పైవారు దీన్ని ఎలా తీసుకున్నారో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. సరస్సుల ప్రాంతానికి మార్గదర్శక పుస్తకం రాసి జనాన్ని రప్పించిన వారిలో కవి వర్డ్స్‌వర్త్ ఒకడు. అదే కవి 1844లో, కెండల్ నుంచి విండర్‌మీర్‌కు రైలుమార్గం వేయబోతున్నారని తెలిసి పత్రికలకు ఉత్తరాలు రాశాడు. ప్రకృతి సౌందర్యాన్ని ఆస్వాదించే శక్తి మెల్లగా అలవడేది కనుక పనివాళ్లను మూకలుగా తెచ్చి దింపితే వాళ్లకూ మేలు లేదు, ఆ చోటుకూ మేలు లేదు అన్నది ఆయన వాదన. 1847లో రైలు రానే వచ్చింది. కుక్ 1863లో స్విట్జర్లాండుకు, 1864లో ఇటలీకి బృందాలను తీసుకుపోయాక ఈ అసహనం బాహాటమైంది. ఇటలీలో బ్రిటిష్ ఉపదౌత్యాధికారిగా ఉన్న నవలాకారుడు చార్లెస్ లీవర్ 1865లో ఒక పత్రికలో, ఈ యాత్రికులు కాపరి కుక్క తోలుకుపోయే మందలా ఉన్నారని రాశాడు. ఆస్ట్రేలియా వలసలు తీసుకోనన్న నేరస్థులను మా ప్రభుత్వం కుక్ ద్వారా ఇటలీ నగరాలలో వదిలిపెడుతోందని తాను అక్కడివారికి నమ్మబలికినట్టు కూడా చెప్పుకున్నాడు. చూడదగిన చోట్లను కొద్దిమంది కోసం అట్టే పెట్టి సామాన్యులకు దాచాలనడం ఏ న్యాయమని కుక్ తన పత్రికలో సూటిగా బదులిచ్చాడు.

ఆ 1863 బృందంలో ఉన్న జెమైమా మొరెల్ అనే యార్క్‌షైర్ యువతి రాసుకున్న దినచర్య తరువాత బయటపడింది. తెల్లవారకముందే లేచి, పొడవాటి గౌనులతోనే హిమానీనదాలు దాటి, కనుమలు ఎక్కి దిగిన మూడు వారాల కథ అది. కొలోసియం ముందు బటోనీ కోసం నిలబడిన దొరబిడ్డ కంటే ఆమె చూసింది తక్కువని చెప్పడానికి ఆధారమేమీ లేదు. యాత్రికుడు వేరు, టూరిస్టు వేరు, మేము మొదటి రకం అనే మాట ఇప్పటికీ వింటూనే ఉంటాం; అది చూసే పద్ధతిలోని తేడాగా పైకి కనబడినా, పుట్టుకలో మాత్రం తరగతి గోడ. ఒక ముద్ర అందరికీ దొరికేసరికి, దాన్ని ముందుగా ధరించినవారు మరో ముద్ర వెదుక్కున్నారు.

ఈ మొత్తం క్రమాన్ని ప్రపంచంలోని ప్రయాణాలన్నిటికీ వర్తింపజేయడం మాత్రం పొరపాటు. మన తీర్థయాత్రలో జాబితా శాస్త్రం ఇచ్చింది, దారి అందరిదీ. ధనికుడు పల్లకిలో, పేదవాడు కాలినడకన ఒకే గంగకు పోయారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్లి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. దారిలో మజిలీల దూరాలు, ధాన్యం ధరలు, నీటి వసతి, ఊళ్ల ఆచారాలు, కొత్త ప్రభుత్వపు తీరు అన్నీ రాసుకున్నాడు. ఇంగ్లండులో లివర్‌పూల్, మాంచెస్టర్ రైలు మొదలైనది ఆయన బయలుదేరిన ఏడాదే. పుణ్యం కోసం పోతూ ఇంత పరిశీలన చేసిన ఆయనకు బేకన్ చెప్పిన సూత్రాలు అక్కరలేకపోయాయి. ప్రయాణం పై తరగతి నుంచి కింది తరగతికి దిగివచ్చిందన్నది ఐరోపాలోని ఒక ప్రత్యేక యాత్రా రూపం చరిత్ర మాత్రమేనని ఆయన ఉదాహరణ గుర్తుచేస్తుంది.

తరువాతి పరిణామాలు వేగంగా జరిగాయి. కుక్ సంస్థ 1868లో హోటల్ కూపన్లు తెచ్చింది. 1872 నుంచి 1873 దాకా కుక్ స్వయంగా ఒక చిన్న బృందాన్ని ఇండియా మీదుగా 222 రోజుల్లో భూప్రదక్షిణం చేయించాడు. 1880లలో ఇండియా ప్రభుత్వం బొంబాయి నుంచి మక్కా యాత్రికుల రాకపోకల ఏర్పాట్లు ఆ సంస్థకే అప్పగించింది. అయితే జనసామాన్యం నిజంగా కదలడానికి రైలు ఒక్కటే చాలలేదు, జీతం కోత లేని సెలవు కావలసి వచ్చింది. ఫ్రాన్సులో 1936లో కార్మికులకు రెండు వారాల వేతన సెలవు చట్టమయింది, బ్రిటన్‌లో 1938లో అటువంటి చట్టం వచ్చింది. 1950లో వ్లాదిమిర్ రైట్జ్ లండన్ నుంచి కోర్సికా దీవికి విమానం, భోజనం, గుడారాల బస కలిపి ఒకే ధరకు అమ్మాడు. అదే ఏడాది ప్రపంచంలో దేశం దాటిన పర్యాటక రాకలు దాదాపు 2.5 కోట్లు, 2019లో అవి 146 కోట్లు. ఆ 2019 సెప్టెంబరులోనే, 178 ఏళ్ల చరిత్ర ఉన్న థామస్ కుక్ సంస్థ దివాలా తీసింది.

చదువు భాగం ఈ మధ్యలో విడిపోయి వేరే దారి పట్టింది. ఐరోపాలో 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం విద్యార్థులను ఒక దేశపు విశ్వవిద్యాలయం నుంచి మరో దేశానికి పంపుతుంది. అమెరికాకు అప్పు చేసి వెళ్లే మన పిల్లల లక్ష్యం డిగ్రీ, ఉద్యోగం. వారికి విగ్రహాలు చూసే తీరిక లేదు. తీరిక ఉన్నవారు చేసేది యాత్ర. హైదరాబాదులో అమ్ముతున్న పది పన్నెండు రోజుల యూరప్ టూర్ల కరపత్రాలు తీసి చూడండి: లండన్, పారిస్, స్విట్జర్లాండు, వెనిస్, ఫ్లారెన్స్, రోమ్. లాసెల్స్ శిష్యులకు అప్పగించిన వరసే చాలావరకు ఇప్పటికీ నడుస్తోంది, ఆల్ప్స్ మాత్రం అడ్డంకిగా ఉన్న స్థానం నుంచి ఆకర్షణ స్థానానికి మారింది.

ఆ వరసలోని వెనిస్ నగరపు పాత దీవుల మీద 1951లో దాదాపు 1,75,000 మంది నివసించేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 కంటే తగ్గింది. ఇళ్లు బసలయ్యాయి, నిత్యావసరాల దుకాణాలు జ్ఞాపికల దుకాణాలయ్యాయి. రద్దీ తట్టుకోలేక 2024 ఏప్రిల్ 25 నుంచి ఎంపిక చేసిన రోజులలో ఆ నగరం ప్రవేశానికి మొదట 5 యూరోల రుసుము పెట్టింది. హోటల్‌లో రాత్రి బస చేసేవారు బస పన్ను ఎలాగూ కడతారు కనుక వారికి ఈ రుసుము లేదు. లెస్టర్ నుంచి లఫ్‌బరోకు వెళ్లిన ఆ 500 మందిలాగా పొద్దున వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరేవారే దాన్ని చెల్లిస్తున్నారు.